తాళ్లకుంటలో వంతు టికెట్లు

తాళ్లకుంట హాల్టులో టికెట్లమ్మే లిదియాకు రైల్వేలో ఉద్యోగమని ఊళ్లో సగం మంది ఇప్పటికీ అనుకుంటారు. ఉద్యోగం కాదు, గిద్యోగం కాదు. ఆమె హాల్ట్ ఏజెంటు. అంటే నెక్కొండ స్టేషన్‌కు పోయి టికెట్లు తెచ్చుకోవాలి, పట్టాల పక్కన ఉన్న ఒంటిగది కిటికీలోంచి వాటిని అమ్మాలి, అమ్మినదాని మీద వాళ్లిచ్చే కమీషన్ తీసుకోవాలి. జీతం లేదు, సెలవు లేదు, ఊపడానికి పచ్చ జెండా కూడా లేదు. మొదట ఆ పని ఆమె భర్త శాంసన్ చేసేవాడు. ఆయన గుండె ఆగి పోయినప్పుడు సమాధి చేసి వచ్చిన మూడో రోజు పొద్దున్నే లిదియా కిటికీ తెరిచింది. ఓదార్చడానికి వచ్చినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. "ఇంట్ల కూసోని ఏడ్చేది ఈడ కూసోని ఏడుస్త. రైలైతే అస్తది గదా" అన్నది.

నిజంగానే వచ్చేది. పొద్దున ఆరూ నలభైకి నెక్కొండ వైపు నుంచి ప్యాసింజర్ వచ్చి తాళ్లకుంటలో ఒక్క నిమిషం ఆగి, వరంగల్ మీదుగా కాజీపేటకు పోయేది. సాయంత్రం అదే రైలు తిరిగి వచ్చేది. కూరగాయల గంపలు, కాలేజీ పిల్లలు, దవాఖానకు పోయే ముసలివాళ్లు, కాజీపేటలో పని చేసే గ్యాంగ్‌మెన్లు, అంతా ఆ ఒక్క నిమిషంలోనే ఎక్కేవాళ్లు. కరోనా ఏడు ఆ రైలు ఆగిపోయింది. ఆ తర్వాత ఎక్స్‌ప్రెస్‌లన్నీ మళ్లీ నడిచాయి. బొగ్గు బండ్లు ఎప్పుడూ ఆగనే లేదు. ప్యాసింజర్ మాత్రం రాలేదు.

ఊరివాళ్లు దరఖాస్తు పెట్టారు. మూడో లైను పని అయ్యాక చూస్తామని జవాబు వచ్చింది. మరుసటి ఏడు మళ్లీ పెట్టారు, మళ్లీ అదే జవాబు. ఏ పంతులూ పెళ్లికి అంత దూరపు ముహూర్తం పెట్టడు. పెడితే పెళ్లివారు ఊరుకోరు. తాళ్లకుంటవాళ్లు మాత్రం ఊరుకున్నారు. ఏం చేస్తారు, రైలు ముందర నిలబడి కొట్లాడే తీరిక ఎవరికుంది?

లిదియా ఊరుకోలేదు. ఆమె అక్క కొడుకు మడికొండ ఐటీ పార్కులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ పని చూసిపెట్టాడు. నెలనెలా జీతం, పీఎఫ్. ఆమె పోలేదు. ఏజెన్సీ వదులుకుంటే హాల్టుకు దిక్కుండదని, దిక్కులేని హాల్టును కాగితాల్లోంచి కొట్టేయడం సులువని ఆమెకు తెలుసు. అందుకని నాలుగేళ్లు జాకెట్లు కుట్టుకుంటూ బతికింది. రోజూ పొద్దున గది ఊడ్చింది, ప్లాట్‌ఫారం మీద మొలిచిన గడ్డి పీకింది. చూసేవాళ్లకు పిచ్చిగానే ఉండేది. లోపల ఆమెకు ఉన్నది ఒకటే భయం. శాంసన్ ఇరవై ఏళ్లు నిలబెట్టిన హాల్టు తన చేతిలో పోయిందన్న మాట పడకూడదు.

నాలుగేళ్ల తర్వాత, తొలకరి రోజుల్లో, రైలు వస్తుందన్నారు. మూడు నెలలు హాల్టులో రైలును నిలిపి చూస్తారట. రోజుకు నలభై టికెట్లు తెగితే ఇక ఎప్పటికీ నిలుపుతారట. ఆ మొదటి రోజు ఊరంతా హాల్టుకు వచ్చింది. ఇంజన్‌కు బంతిపూల దండ వేశారు, కొబ్బరికాయలు కొట్టారు, లిదియా కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. ఆ రోజు డెబ్బై ఆరు టికెట్లు తెగాయి. రెండో రోజు ఇరవై. వారం తిరిగేసరికి పన్నెండు.

తప్పు ఎవరిదని చెప్పాలి? నాలుగేళ్లలో జనం ఆటోలకు అలవాటు పడ్డారు. రైలేమో ఆరూ నలభై అని రాసిపెట్టి ఏడున్నరకొచ్చేది. తప్పకుండా రోజూ ఎక్కేది కట్టమ్మలాంటి ఐదారుగురే. ఆమెకు అరవై దాటాయి. రెండు గంపల ఆకుకూర వరంగల్‌లో అమ్ముతుంది. ఆటోలో గంపకొక మనిషి చార్జీ అడుగుతారు, అది ఇస్తే ఆమెకు మిగిలేది ఉత్త గంపే.

లిదియాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. మూడో రోజు కిరాణా కొట్టు సాంబయ్య దగ్గరికి పోయింది. ఊళ్లో కాలువ నీళ్ల వంతులు రాసేది ఆయనే. ఎవరి పొలానికి ఏ రోజు నీళ్లో ఆయన నోట్‌బుక్కులో ఉంటుంది, ఆ రాతను ఎవరూ దాటరు.

"సాంబన్నా, నీళ్లకు వంతులు పెడ్తాండ్రు గదా. గట్లనే టికెట్లకు పెడ్దాం. రోజుకు ముప్పై అయిదు ఇండ్లు. ఇంటికొక టికెట్. పొయ్యేటోళ్లు పోతరు, పోనోళ్లు ఉత్తగనే కొంటరు."

సాంబయ్య కాసేపు ఆలోచించి నోట్‌బుక్కు తెరిచాడు. "మంచి ఉపాయమే లిదియమ్మా. రైలు మనదైతే వంతు గూడ మనదే. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఆ ఊరివాళ్ల గుణం అది. వంతు అంటే వంతే. జ్వరం వచ్చినవాడు కొడుకును పంపేవాడు, ఊరికి పోయినవాడు పక్కింట్లో చెప్పి పోయేవాడు. పొద్దున ఆరింటికే కిటికీ ముందు వరస కట్టి టికెట్ తీసుకుని, జేబులో పెట్టుకుని, ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. కొందరైతే రైలు టికెట్ జేబులో ఉండగానే రోడ్డు మీదికి పోయి ఆటో ఎక్కి వరంగల్ పోయేవాళ్లు. ఇదేం చోద్యమని ఎవరికీ అనిపించలేదు. రోజూ నలభై తెగుతున్నాయి. లిదియా అన్నేళ్లకు కడుపునిండా తిని నిద్రపోయింది.

మూడో నెల మధ్యలో ఒక బుధవారం, ఎవరికీ చెప్పకుండా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మామూలు చొక్కా వేసుకుని, వేపచెట్టు కింద అరుగు మీద కూర్చున్నాడు. రైలు వచ్చింది, ఆగింది, పోయింది. ఆయన లేచి కిటికీ దగ్గరికి వచ్చి తానెవరో చెప్పి, అమ్మిన టికెట్ల లెక్క అడిగాడు. నలభై ఒకటి.

"ఎక్కింది ఆరుగురే కదమ్మా. నేను చూస్తూనే ఉన్నాను. మిగతా ముప్పై అయిదు మంది ఏమయ్యారు?"

ఆయన చెడ్డవాడేం కాదు. చుట్టూ చూసి, కాస్త గొంతు తగ్గించి, "లేటుగా వచ్చి రైలు అందుకోలేకపోయారా?" అని అడిగాడు. చేతిలో పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. అవునంటే అదే రాసుకుని పోయేవాడు. ఒక్క మాట చాలు.

లిదియా అబద్ధం ఆడదు. ఆడలేకపోవడం ఒకటైతే, ఆ క్షణాన ఆమెకు ఆడాల్సిన అవసరమే కనిపించలేదు. ఇంత మంచి సంగతి దాచడమెందుకు అనుకుంది. ఊరు ఆ రైలును ఎంత ప్రేమిస్తుందో చెబితే ఈ పెద్దమనిషి మనసు కరగదా అనుకుంది. కిటికీలోంచి ముందుకు వంగి, గర్వంగానే చెప్పింది.

"లేదు సార్. వాళ్లు ఎక్కరు. రైలు నిలబడాలెనని ఇంటికొక వంతు పెట్టుకోని కొంటాండ్రు. కూలి కైకిలి చేసుకునేటోళ్లు గూడ కొంటాండ్రు సార్. మా ఊరికి రైలంటే గంత పానం."

ఇన్‌స్పెక్టర్ ఆమె చెప్పిందంతా ఒక్క ముక్క పోకుండా రాసుకున్నాడు. సంతకం పెట్టమంటే పెట్టింది. ఆయన పోయాక సాంబయ్య కొట్టుకు పోయి, సారుకు అంతా వివరంగా చెప్పానని, బాగా విన్నాడని సంబరంగా చెప్పింది కూడా.

మూడు నెలలు నిండిన రోజుతో రైలు ఆగడం మానేసింది. అదే రోజు కాగితం వచ్చింది. ఇంగ్లీషులో ఉంటే లిదియా బడికి తీసుకుపోయింది. స్నేహలత టీచర్ మొదట తనలో తాను చదువుకుని, ఆ తర్వాత తెలుగులో చెప్పింది.

"ప్రయాణం చేసే ఉద్దేశం లేకుండానే గ్రామస్థులు టికెట్లు కొన్నట్టు స్థానిక ఏజెంటు స్వయంగా తెలియజేశారు. నిజమైన ప్రయాణికుల అవసరం కనిపించలేదు. కాబట్టి రైలు నిలిపే ప్రతిపాదనను ప్రస్తుతానికి పక్కన పెట్టడమైనది."

"స్థానిక ఏజెంటంటే నేనేనా మేడం?"

టీచర్ కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది.

మరునాడు పొద్దున లిదియా అలవాటు కొద్దీ కిటికీ తెరిచింది. తెరిచి చూస్తే ఎదురుగా వరస. ఆ రోజు వంతున్న ఇళ్లవాళ్లు, చేతుల్లో పది రూపాయల నోట్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. సాంబయ్య ముందున్నాడు.

"రైలు బందయ్యిందని మేం బంద్ చేసుడా? కొనుకుంట ఉంటే వాళ్లే మళ్ల రైలు ఆపుతరు. టికెట్లియ్యి లిదియమ్మా."

ఆ నోట్లు చూసేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. కాగితంలో ఉన్నదంతా చెప్పింది. తన సంతకం సంగతీ చెప్పింది. "మీరు కొన్నందుకు పోలే. మీరు కొంటాండ్రని నేను చెప్పినందుకు పోయింది" అన్నది.

"ఆ ఒక్క ముక్క ఎందుకు చెప్పినవమ్మా" అన్నాడు సాంబయ్య. కోపంగా కూడా అనలేదు. నోటు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వెళ్లిపోయారు.

కట్టమ్మ ఒక్కతే మిగిలింది. రెండు గంపలూ దించుకుని అరుగు మీద కూర్చుని ఉంది. లిదియా గదిలోంచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"నీ పొట్ట కొట్టిన అక్కా."

"నువ్వేం కొట్టినవ్? ఉన్నదే చెప్పినవ్." కట్టమ్మ నీళ్లసీసా తీసి ఆకుకూర మీద నీళ్లు చల్లింది. "దినాం మీరు ముప్పై అయిదు మంది వచ్చి టికెట్ కొనుడు జూసిన. నేను ఈడ బండి కోసం కూసోని చూస్తాంటే అందరు రోడ్డు దిక్కు పోతాండ్రు. మీకు రైలు కావాలె. ఎక్కుడు మాత్రం వద్దు. గా ముప్పై అయిదు మందిల సగం మందన్న ఎక్కినా, గాయన రాసుకునేటందుకు ఏముండేది?"

కట్టమ్మ సీసా మూత బిగించి ఆమె వైపు తిరిగింది.

"నువ్వన్న ఎక్కినవా చెల్లె, ఈ మూడు నెలలల్ల?"

శాంసన్ ఉన్న రోజుల్లో ఆదివారం టికెట్లన్నీ అమ్మేసి, కిటికీ మూసి, ఇద్దరూ అదే రైలెక్కి వరంగల్‌లో చర్చికి పోయేవాళ్లు. ఈ మూడు నెలల్లోనూ పదమూడు ఆదివారాలు వచ్చాయి. రైలు లేటైతే మొదటి పాట అయిపోతుందని, పదమూడు సార్లూ ఆమె ఆటోలోనే పోయింది. బీపీ గోలీలకు హనుమకొండ పోయినప్పుడు ఆటోలో పోయింది. కాజీపేటలో పెళ్లికీ ఆటోలోనే పోయింది.

"లేదక్కా," అన్నది లిదియా. "నేను గూడ ఎక్కలే."