పుస్తకంలో లేని చిన్నమ్మ

నన్ను దొంగ అభిమాని అన్నది మీరే. పోయిన ఆదివారం, ఈ అభిమానుల గుంపులోనే. "విణ్‌కప్పల్" కథల్లో ఎవరు గొప్ప అని మూడు రోజులు కొట్టుకున్నారు... కెప్టెనా, ఇనుప మనిషా అని. నేను వచ్చి "నాకు చిన్నమ్మ ఇష్టం. ఆమె సమ్మె చేసిన భాగాన్ని మించింది ఇన్నేళ్ళలో రాలేదు" అన్నాను. "అలాంటి పాత్రే లేదు, ముందు పుస్తకాలు చదివి రండి సార్" అని నవ్వారు.

నవ్వడం అయిపోయిందా? అయితే వినండి.

మా చిన్నప్పుడు... మదురైలో మా లైనిళ్ళన్నిటికీ ఆ బొమ్మల పుస్తకం వారానికి ఒక్కటే వచ్చేది. తమిళంలో. విణ్‌కప్పల్ అంటే ఆకాశంలో తిరిగే ఓడ. కొనేది మా పెదనాన్న కూతురు ఎస్తేరక్క. తిరుమంగళం దారిలో నూలు మిల్లు పని ఆమెది. ఆదివారం చర్చి నుంచి వచ్చి గడప మీద కూర్చుని పుస్తకం తెరిచేది. మా చేతికిచ్చేది కాదు, చినుగుతుందని.

కళ్ళు తమిళం మీద నడుస్తుంటే నోట్లోంచి మా ఇంటి తెలుగు వచ్చేది. మేం బడిలో నేర్చింది తమిళ అక్షరాలు. తెలుగు మాకు చెవుల్లోనే ఉండేది... ఈ అక్షరాలు నేను ముప్పై దాటాక పట్టుబట్టి నేర్చుకున్నవి.

అక్క నోట ఆ ఓడలో అందరికీ వరసలు కుదిరాయి. కెప్టెన్ పెద్దనాయన. ఇనుప మనిషి ఇనపమామ. ఓడలో గాలి గొట్టాలు కడిగే ఆమె చిన్నమ్మ. మాకు అవే అసలు పేర్లు.

వాదన మాకూ ఉండేది, మీకంటే ఘాటుగా. పిల్లలమంతా ఇనపమామ పక్షం. మా అవ్వ చిన్నమ్మ పక్షం. ముప్పై ఏళ్ళు ఊరి వీధులు ఊడ్చిన మనిషి మరి.

"ఏమి పెద్దనాయనరా వాడు! కూసున్న చోట్నించి అరిసేదేగా వాని పని. చిన్నమ్మ గొట్టం కడగకపోతే వానికి ఊపిరి యాడ్నించి వచ్చును?"

ఆ మాట విన్నాక ఒక్కొక్కరమే అవ్వ వైపు జరిగాం.

ఒక వారం పుస్తకంలో ప్రకటన వచ్చింది. ఓడలో చోటు చాలదు, ఒకరు దిగిపోవాలి... ఎవరు ఉండాలో పోస్టుకార్డు రాయండి, తక్కువ ఓట్లు వచ్చినవాళ్ళు పోతారు అని. "కార్డులు తెచ్చి పెట్టండి, నేను వచ్చి రాస్తాను" అని అక్క మిల్లుకు వెళ్ళింది. ఆ వారం ఆమెకు రెండు షిఫ్టులు.

మేం ఆగలేదు. లైనంతా తిరిగి, ఇంటికొక కార్డు మేమే రాశాం. "చిన్నమ్మ ఉండాలి" అని, తమిళ అక్షరాల్లో. రాయడం రానివాళ్ళు వేలిముద్ర వేశారు. తీసుకెళ్ళి పోస్టు పెట్టెలో పడేశాం.

అక్క వచ్చి "ఏమని రాసినారు?" అంది.

చెప్పాం.

అక్క, అవ్వ బొటనవేలికి ఇంకా అంటుకుని ఉన్న సిరాను పైటకొంగుతో తుడిచింది. "బాగా రాసినారు కన్నూ" అంది.

ఫలితాలొచ్చిన వారం పుస్తకం తెరిచి చాలాసేపు చూసింది.

"చెప్పవే! ఉండాదా, పోయినాదా?" అవ్వ అరిచింది.

"ఉండాది అవ్వా. గెలిచినాది."

ఆ రోజు లైనంతా గోల...

తర్వాత రెండేళ్ళు చిన్నమ్మ కథలే. సమ్మె కథ అప్పటిదే. చీపురు కింద పెట్టి, గాలి చెడిపోయేదాకా కదలకుండా కూర్చుంటుంది. చివరికి పెద్దనాయనే చేతులు ముంచి గొట్టం కడుగుతాడు. అవ్వ ఆ కథ నాలుగుసార్లు చెప్పించుకుంది. "బొమ్మల్లో చిన్నమ్మ అగపడదేమక్కా?" అని నేనడిగితే, "గొట్టం లోపల ఉండాదిరా, ఎట్లా అగపడును?" అనేది.

పెళ్ళయి అక్క కోయంబత్తూరు వెళ్ళిపోయింది. ఆదివారాలు ఆగిపోయాయి.

కాలేజీలో ఉండగా పాత పుస్తకాల కొట్టులో ఆ ఫలితాల సంచిక దొరికింది. నిలబడి చదివాను. గొట్టాలు కడిగే ఆమెకు అందులో పేరే లేదు. "ఏడో నంబరు", అంతే. ఒక్క ఓటూ పడలేదట. ఏదో రాతి గ్రహం మీద దింపేసి వెళ్ళిపోయారు. ఉత్తరాల పేజీలో ఒక ముక్క: "చిన్నమ్మ అనే పేరుకు ఓటేస్తూ కొన్ని కార్డులు వచ్చాయి. మన కథలో అలాంటి పాత్ర లేదు కనుక లెక్కలోకి తీసుకోలేదు."

అప్పటికప్పుడు కోయంబత్తూరు బస్సెక్కాను.

"ఏమక్కా, రెండేళ్ళు మమ్మల్ని మోసం చేస్తివా?"

అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత నెమ్మదిగా... "అవ్వ మొగం చూసి ఎట్లా చెప్పుదును రా? ఆమెను రాళ్ళల్లో వదిలేసి పోయినారని? నోరు రాలేదు. సుమ్మా ఒక వారానికని అల్లితిని... మీరు విడిచిపెడితే గదా!"

సుమ్మా అంటే ఊరికే అని. ఎదురుగా వేరే కథ అచ్చయి ఉండగా, ఆ పేజీలే తిప్పుతూ, ఆ బొమ్మలకే అతికేలా, వారం వారం తన కథ నడిపింది. మిల్లులో నిలబడి నిలబడి వాచిన కాళ్ళతో. ఇంతకన్నా గొప్ప రచయిత మీ విణ్‌కప్పల్ నలభై ఏళ్ళ రచయితల పట్టికలో ఎవరున్నారో చూపించండి.

అప్పట్లో కథంటే పదిమంది మధ్య కూర్చుని వినేది... ఇప్పుడు ఎవరి ఫోను వారిది, ఎవరి తీర్పు వారిది. కాబట్టి నా డిమాండ్లు ఇవి:

ఒకటి. "దొంగ అభిమాని" అన్న మాట వెనక్కి తీసుకోండి.

రెండు. మీ ఇష్టమైన పాత్రల పట్టికలో చిన్నమ్మను చేర్చండి. రచన: ఎస్తేరు, నూలు మిల్లు కార్మికురాలు.

మూడు. మా లైను కార్డులన్నీ ఓట్లే. లెక్కపెట్టండి.

నాలుగు. మీ ఇళ్ళల్లో పుస్తకం చూసి పుస్తకంలో లేనిది చెప్పినవాళ్ళు ఎవరో, కింద వాళ్ళ పేరు రాయండి. మీ పేరు కాదు, వాళ్ళ పేరు.