అర్థం కాలేదన్నవాళ్లకే బిస్కెట్

నా చిన్నప్పుడు నా ఒంట్లో నోరొక్కటే సరిగ్గా పనిచేస్తుందని మా నాయనమ్మ అంటుండేది. బహదూర్‌పురాలో మా గల్లీ మొత్తాన్ని నవ్వించే పని నాది. అందులో ఒక లాభం ఉంది. నవ్వుతున్నవాళ్లు మనల్ని ప్రశ్నలు అడగరు. ఆరో తరగతికి వచ్చినా నాకు ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం కూడా రాదు. బళ్లో పక్కవాడు చదివింది విని గుర్తుపెట్టుకుని, పుస్తకం మీద వేలు జరుపుతూ అప్పజెప్పేవాణ్ణి. ఆ సంగతి బయటపడితే గల్లీలో తలెత్తుకోలేనని నా భయం.

ఆ వేసవిలో మా పక్కింటి అక్కకు ఆఫ్రికాలో ఏదో దేశంలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం వచ్చింది. బస్సు డిపో మెకానిక్ కూతురు విమానం ఎక్కబోతోందని గల్లీ అంతా గొప్పగా చెప్పుకుంటుంటే, అక్క ముఖం మాత్రం రోజురోజుకూ పాలిపోయేది. ఆమె అంతవరకూ ఎవరికీ పాఠం చెప్పి ఎరగదు. అందుకని సాయంత్రాలు మా గల్లీ పిల్లలందరినీ వాళ్ల మిద్దె మీద కూర్చోబెట్టి అలవాటు చేసుకోవడం మొదలుపెట్టింది. మేమంతా పరాయి దేశపు పిల్లలమన్నమాట. తెలుగు గానీ ఉర్దూ గానీ పాఠంలోకి రాకూడదు.

మొదటిరోజు అక్క ఒక కథ చదివి, ఇంగ్లీషులోనే వివరించి, చివర "అండర్‌స్టాండ్?" అంది. మేం బళ్లో అలవాటైన రాగంలో "ఎస్ టీచర్" అని సాగదీశాం. అర్థమైనా కాకపోయినా ఆ రాగం తీయడమే మా చదువు. సరిగ్గా అప్పుడే మా గల్లీకి దగ్గర్లోని జూపార్కులో సింహం అరిచింది. "సింహం గూడ ఎస్ టీచర్ అంటుందక్కా!" అన్నాను. మిద్దె అదిరేలా నవ్వారు. అక్కా నవ్వింది. సంతోషం కొద్దీ, కథలో ఏం జరిగిందో చెప్పమని ఒక్కొక్కరినీ అడిగింది. ఒక్కరికీ తెలియదు. నా వంతు వచ్చేసరికి నేను సింహంలా గర్జించి తప్పించుకున్నాను.

అక్క పుస్తకం మూసి పిట్టగోడ మీద కూలబడింది. "నేను గూడ గిట్లనే ఎస్ టీచర్ అనుకుంట డిగ్రీ దాక వచ్చిన" అంది, మాతో కాదు, తనతో తాను అన్నట్టు.

మర్నాడు ఇరానీ హోటల్ నుంచి పొట్లం నిండా ఉస్మానియా బిస్కెట్లు తెచ్చింది. "ఇయ్యాల్టి సంది ఎస్ టీచర్ బంద్. సమజ్ కాలేదని చెప్పినోళ్లకే బిస్కెట్. ఆ ఒక్క మాట మన భాషల అన్నా సరే" అంది. ఇక చూడాలి లొల్లి! కిరాణా కొట్టు వాళ్ల పిల్ల ప్రతి వాక్యానికీ చెయ్యెత్తింది. మా తమ్ముడైతే అక్క నోరు తెరవకముందే "సమజ్ కాలే" అంటూ రెండు చేతులూ చాచాడు. వాళ్లకది ఆట. ఆ మాట నిజంగా అనవలసినవాణ్ణి నేను. నాకే అది గొంతు దాటలేదు.

"నీకేమైందిరా? బిస్కెట్ వద్దా?" అంది అక్క.

"నాకంత సమజ్ అయిందక్కా. నేను పాస్. పాపం, గీళ్లకు పెట్టు" అన్నాను.

అందరూ నవ్వారు, అక్క తప్ప. నన్ను చదవమనలేదు. పాఠం అక్కడితో ఆపి, మిగతావాళ్లను కిందికి పంపి, నన్ను మాత్రం చాప చుట్టమంది. నేను చుడుతుంటే నా వైపు చూడకుండా మాట్లాడింది. "ఆ పిల్లల భాషల ఒక్క ముక్క రాదు నాకు. ఆళ్ల ముంగట నిలబడాల్నంటే భయమైతుందిరా. బాపు మస్తు ఖుషీగున్నడు, అందుకే ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. ఇగ నీకే చెప్పిన."

అంత చదివిన అక్క అలా అనేసరికి నాకు సిగ్గు మరింత ముంచుకొచ్చింది. చుట్టిన చాప విప్పి మళ్లీ చుట్టాను. ఒక జోకు కోసం వెతికాను. దొరకలేదు. చివరికి ఆ చాపకే చెబుతున్నట్టు, "నాకు ఇంగ్లీషు చదువుడు రాదక్కా. ఏబీసీడీలు గూడ సక్కగ రావు" అన్నాను. ఏడుపొచ్చేసింది. ఆమె ఓదార్చలేదు, బిస్కెట్టూ ఇవ్వలేదు. "అయితే రేపు అందరికన్న ముందుగాల రా" అంది, అంతే.

ప్రయాణం దాకా నాకు అక్షరాలు దిద్దించింది. అక్షరాలైతే వచ్చాయి. మరుసటి ఏడు నేను బడి మానేసి సైకిల్ షాపులో చేరాను కనుక, అక్క నన్ను విద్వాంసుణ్ణి చేసిందంటే అబద్ధమవుతుంది. తర్వాత సెలవులకు వచ్చినప్పుడు చెప్పింది, అక్కడి పిల్లలూ మొదటిరోజు అదే రాగంలో "ఎస్ టీచర్" అన్నారట. ఆమె వాళ్లకు మొట్టమొదట నేర్పిన వాక్యం "నాకు అర్థం కాలేదు" అట.

మొన్న ఆస్పత్రిలో డాక్టరు నా ఆపరేషన్ గురించి ఇంగ్లీషులో గడగడా చెప్పి "ఓకేనా?" అన్నాడు. నా కొడుకూ కోడలూ తలలూపారు. నా నాలుక చివరికి ఒక జోకు వచ్చింది. దాన్ని మింగి, "నాకు సమజ్ కాలే సారూ, మళ్ల చెప్పుండ్రి" అన్నాను. ఇంత వయసొచ్చినా ఆ మాట అనేటప్పుడు నా చెవులు వేడెక్కుతాయి. సిగ్గు పోతుందని అక్క ఏనాడూ చెప్పలేదు. సిగ్గుపడుతూనే అనొచ్చని చూపించింది.