తొడపట్టీ

కొల్లేరు నీళ్ళు ఇంట్లోకి ఎగదన్నినప్పుడు హడావుడిలో నన్ను పడవెక్కించారు గానీ నా కాలిపర్‌ని మంచం కిందే మరిచిపోయారు. నన్ను మరిచిపోయినా బాగుండేది! పోలియోతో చచ్చుబడిన నా ఎడమకాలు నిలబడేది ఆ ఇనప కడ్డీల ఆసరాతోనే. వాటిని తొడకు బిగించేది జానెడు వెడల్పు తోలు పట్టీ. రెండు రోజులు నానిన ఆ పట్టీని అమ్మ చెరువుగట్టు మీద ఎండేసింది. మా కొల్లేటికోటలో వలలైనా, చేపలైనా, బట్టలైనా ఎండాలంటే అక్కడికే పోతాయి. సాయంత్రానికి తోలు చెక్కలా బిగుసుకుపోయింది.

సోమవారం ఏలూరులో గుమాస్తా ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్. పిలిచినప్పుడు ఎదురుగా లేకపోతే ఉద్యోగం తరువాతివాళ్ళకి పోతుంది. ఇన్నేళ్ళుగా రాసిన పరీక్షల్లో గట్టెక్కింది ఈ ఒక్కటే.

అమ్మ కొబ్బరినూనె రాసింది. లొంగలేదు. చేపల మేతలో కలిపే చేపనూనె తెచ్చి రుద్దింది. కంపు, జిడ్డు తప్ప ఏమీ మిగల్లేదు. బిగించి చూస్తే తొడ కోసుకుపోయింది.

"పట్టీ కాదమ్మా, నా బతుకుని ఎండబెట్టావ్!" అని అరిచాను. అమ్మ మళ్ళీ నూనె రుద్దుతూ కూర్చుంది. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

సోమవారం పొద్దున్నే పట్టీ కోసుకోకుండా తొడకు తువ్వాలు చుట్టుకుని, అమ్మ భుజం పట్టుకుని ఏలూరు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే సాయిబుగారి దగ్గరికి చేరాను. ఆయన పట్టీని వాసన చూసి అమ్మకేసి తిరిగారు.

"చేపనూనె రాశారాండీ? ఎండిన తోలుకి ఏం రాసినా పైనే ఉండిపోద్దండీ."

జిడ్డు తుడిచి, గోరువెచ్చటి నీళ్ళతో తడిపారు. డబ్బాలోంచి ఏదో నూనె నీళ్ళలో పోస్తే అవి పాలలా తెల్లబడ్డాయి.

"ఇదీ చేపనూనేనమ్మా. నీళ్ళలో కలిసేలా మందు పట్టిస్తారు. నీళ్ళతోపాటే తోలు లోపలికెళ్తుంది."

గంటసేపు పిసికారు. పట్టీ వంగింది! నాకు ప్రాణం లేచొచ్చింది.

"రేపటిదాకా నీడన ఆరాలమ్మా. ఎండకి రివెట్ల దగ్గర తోలు చచ్చిపోయింది. ఇప్పుడే బిగిస్తే చిరిగిపోద్ది."

"రేపు నాకు కాలెందుకండీ?" అన్నాను. తడి పట్టీనే బిగించుకున్నాను.

ఆఫీసు మేడమీద. లిఫ్టు లేదు. ఐదో మెట్టు మీద పట్టీ పర్రున చిరిగింది. మోకాలు మడతపడి, రెయిలింగు పట్టుకుని వేలాడాను. సరిగ్గా అప్పుడే పైన నా పేరు పిలిచారు. అంతా అయిపోయిందనుకున్నాను.

అమ్మ కింది మెట్టు మీద కూలబడి, కడ్డీల్నీ తొడనీ కలిపి రెండు చేతులతో గట్టిగా బిగించి పట్టుకుంది. కాలు నిలబడింది. నేనో మెట్టెక్కితే, అమ్మ మోకాళ్ళమీద ఇంకో మెట్టెక్కింది. పైన రెండోసారి పిలిచారు.

అమ్మ చేతులు సడలించకుండానే తలెత్తి కేకేసింది.

"వస్తోందండీ! ఆగండి బాబూ, మా పిల్ల నడిచే వస్తోందండీ!"