నాన్న కత్తి నీలం తిరిగిన రోజు

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున్నే గాజువాక ఇంట్లో ఒక చప్పుడు... టప్... టప్... కిటికీ ఊచకు తోలు పట్టీ తగిలించి, నాన్న మంగలి కత్తిని దాని మీద అటూ ఇటూ లాగేవాడు.

మా తాత వాడిన మడత కత్తి అది. కొమ్ము పిడి. గిన్నెలో సబ్బు నురగ, గోడకు అద్దం, పక్కన పటిక ముక్క... నేను గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. నిలబడడమంటే కాసేపు ఈ కాలి మీద, కాసేపు ఆ కాలి మీద.

"నాన్నా, నాకెప్పుడిత్తావు కత్తి?"

"ముందు కుదురుగా నిలబడ్రా. సేతికి కుదురు లేనోడికి కత్తిత్తే సెవులు మిగల్వు."

వంటింట్లోంచి అమ్మ అందుకునేది. "ఆడికి సెంచా ఇత్తేనే వొంకరైపోతాది!"

ఆ కుదురు నాకు బళ్ళోనూ లేదు. తొమ్మిదో తరగతి మధ్యలో మానేసి ఆటోనగర్‌లో లేతు షెడ్డులో చేరాను. అక్కడ గ్రైండింగ్ చక్రం నాకు తెగ నచ్చింది... నిప్పురవ్వలు, చప్పుడు, ఎంత మొద్దు ఇనుమైనా నిమిషంలో పదును!

ఒక ఆదివారం నాన్న ఎంత లాగినా కత్తికి పదును రాలేదు. గడ్డం పీకుతోంది. "రాయి మీద నూరాల. వొచ్చే వారం తీరిగ్గా సూద్దాం" అని పక్కన పెట్టేశాడు.

వచ్చే వారం దాకా ఆగడమా... నేనా? మర్నాడే కత్తిని జేబులో వేసుకుని షెడ్డుకు పట్టుకుపోయాను. చక్రానికి ఆనించాను. అంచు పొడుగునా నెమలి మెడలా నీలం రంగు పాకింది. నిజం చెప్పాలంటే నాకది అందంగానే కనబడింది.

సాయంత్రం నాన్న చేతిలో పెట్టి, మెచ్చుకుంటాడని ఎదురుగా నిలబడ్డాను... ఆ ఒక్కసారీ కదలకుండా.

నాన్న వెలుతురులోకి ఎత్తి చూశాడు. ఉక్కు ఫ్యాక్టరీలో ఫర్నేసు దగ్గర పనిచేసే మనిషి, రంగు చూస్తే చాలు.

"ఉక్కు సచ్చిపోనాదిరా."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. వేడికి మెత్తబడిన ఉక్కు మీద అంచు నిలవదని నాకు తర్వాత తెలిసింది. కత్తి మడిచి బీరువాలో పెట్టేశాడు. ఆ ఆదివారం నుంచి ప్లాస్టిక్ రేజరు. నేను మళ్ళీ కత్తి అడగలేదు... ఆయనా ఇస్తాననలేదు.

కిందటి నెల నేనే ఒకటి కొన్నాను. ఇక్కడ ఫోటో పెడితే ఏది కొనాలని చాలామంది అడిగారు. తళతళ చూసి కొనకండి... కొత్తదైనంత మాత్రాన గడ్డం గీయదు, పదును పెట్టి ఇచ్చేవాళ్ళ దగ్గరే తీసుకోండి. తోలు పట్టీ లేకుండా కత్తి ఒక్కటే కొంటే దండగ. పట్టీ మీద కత్తి వెన్ను, అంటే మొద్దు వైపు, ముందు నడవాలి, అంచు వెనకాల రావాలి. పట్టీ చివరికి రాగానే వెన్ను మీద దొర్లించి తిప్పాలి. నేను తొందరపడి అంచు మీద తిప్పేశాను, పట్టీకి రెండు గాట్లు! మొదట్లో చెంపలతో సరిపెట్టుకోండి... గొంతు జోలికి పోకండి.

మొన్న ఆదివారం కిటికీ దగ్గర నేను కత్తి లాగుతుంటే నాన్న వచ్చాడు. కత్తి తీసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. రంగు కోసమే చూస్తున్నాడని నాకు తెలుసు. తిరిగి నా చేతికిచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గియ్యి."

"నాన్నా, నాను ఇంకా నేర్సుకుంతన్నాను..."

"నేర్సుకో మరి. కంగారేటి? నాను ఎక్కడికీ పోను."

కుడి చెంప అయ్యేసరికి నా చొక్కా తడిసిపోయింది. కాళ్ళు మాత్రం కదల్లేదు. నాన్న చెంప తడుముకున్నాడు. కత్తి నా చేతిలోంచి తీసుకుని ఎడమ చెంప ఆయనే గీసుకున్నాడు... ఇన్నేళ్ళకి.

ఇప్పుడన్నీ బుర్రుమనే మిషన్లే, రెండు నిమిషాల్లో పనైపోతుంది... పక్కన నిలబడి చూడ్డానికి ఏమీ ఉండదు. మా ఇంట్లో టప్ టప్ మళ్ళీ మొదలైంది. మీ ఇంట్లో ఆగిపోయిన చప్పుడేంటి? చెప్పండి... వినాలనుంది.