ఎండలో వైపర్లేసే పిన్ని

మా నర్సు పిన్నికి లోకంలో ఒకటే భయం: కారులో చార్జింగు తగ్గిపోతుందని. అగ్గిపెట్టెకు చక్రాలు తొడిగినట్టుండే ఆ బ్యాటరీ కారు నూటి నుంచి తొంభైల్లోకి దిగిందంటే చాలు, కొన ఊపిరితో ఉన్న రోగిని మోసుకొచ్చినట్టు మా స్టేషనుకు తెచ్చేది.

స్టేషనంటే కరెంటు బళ్లకు చార్జింగు పెట్టే చోటు. ఎనిమిది స్తంభాలు, ఒక రేకుల గది, అందులో నేను. ఎనిమిదో క్లాసులోనే చదువు నన్ను వదిలేసిందని గిట్టనివాళ్లంటారు. నిజానికి నేనే దాన్ని వదిలేశాను. పాపం, అది ఇంకా కోలుకోలేదు.

ప్రభుత్వం కరెంటు బళ్లకు రాయితీలిచ్చిన రోజుల్లో చూడాలి నా వైభవం! కొంటే తగ్గింపు, రోడ్డు పన్ను మాఫీ, చార్జింగు ఉచితం. బళ్ల వరస ఎంత పొడుగంటే, చివర నిలబడ్డ కొత్త పెళ్లికొడుకు నా దాకా వచ్చేసరికి తండ్రయ్యేవాడు. ఒకనాడు ఒక్క కాగితంతో రాయితీలన్నీ రద్దయ్యాయి. జనం ఆ బళ్లు అమ్మేసుకుని పెట్రోలుకు మళ్లారు. నాకు ఎనిమిది స్తంభాలూ, ఒక పిన్నీ మిగిలారు. చుట్టరికమేం లేదు, పిలుపుకే పిన్ని. పొద్దస్తమానం మాట్లాడ్డానికి మనిషి లేక మూడో స్తంభంతో మాట్లాడేవాణ్ణి. ఒకసారి మాటామాటా పెరిగి రెండు వారాలు దానితో మాటలు మానేశాను.

రోజూ పొద్దున పదిన్నరకు పిన్ని వచ్చేది.

"ఎంతుంది పిన్నీ?"

"తొంభై రెండురా. ప్రాణం పోయేలా ఉంది, తొందరగా తగిలించు."

"తొంభై రెండంటే సముద్రం దాకా పోయి రావచ్చు!"

"సముద్రంలో నాకేం పని? ఒరేయ్, అది కాదు. నిన్న నాలుగోది, ఇవాళ అయిదోది."

రోజుకో స్తంభం. వరస తప్పితే ఒప్పుకునేది కాదు.

"స్తంభాలకీ వంతులా పిన్నీ? అయిదోది అలిగిందా?"

"ఒక్క బిడ్డకే పాలు పడితే మిగతావాళ్లు ఊరుకుంటారా?"

మనుషుల్నీ శాతాల్లోనే కొలిచేది. "నీ మొహం నలభై మీదుంది. తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం. ముప్పై అయిదు," అంటూ అన్నం డబ్బా మూత తీసేది. బండి నిండేదాకా నేను కోతలు కోస్తుంటే సీట్లో వాలి వినేది.

అసలు విడ్డూరం వేరే. మండుటెండలో లైట్లు, ఫ్యాను, వైపర్లు అన్నీ వేసుకుని మా వీధి చుట్టూ తిరిగేది. ఒకరోజు నూట నలభై చుట్లు లెక్కపెట్టాను. సరే, పద్నాలుగు.

"వానెక్కడ పిన్నీ?"

"రాకపోతుందా!"

ఒక సోమవారం కరెంటు శాఖ ఇంజనీరు లారీతో, గునపాలతో దిగాడు.

"గోడ మీద నోటీసు చూశావుగా? వరసగా పదిహేను రోజులు ఎవరూ వాడని స్తంభం పీకేస్తాం. అన్నీ పోతే స్టేషను మూత. నీ ఉద్యోగమూ అంతే."

నోటీసు నాకు తెలుసు. ఆర్నెల్లుగా దాని మేకుకే చొక్కా తగిలిస్తున్నాను. చదవాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. ఆ రేకుల గదే నా ఇల్లు. అక్కణ్ణించి పంపేస్తే పోవడానికి నాకు ఇంకో గుమ్మం లేదు.

ఇంజనీరు చేతి యంత్రం ఒక్కో స్తంభానికీ ఆనించి చూశాడు. "ఒకటోది వాడారు. రెండోదీ వాడారు..." ఎనిమిదోదాని దగ్గర బుర్ర గోక్కున్నాడు. "చుట్టుపక్కల స్టేషన్లన్నీ పీకేశాం. ఇక్కడ ఏ స్తంభమూ వరసగా ఎనిమిది రోజులు ఖాళీగా లేదే! బాగా నడుస్తోందన్నమాట."

"రద్దీ తట్టుకోలేక చస్తున్నాం సార్," అన్నాను. నా నోరు నాకంటే చురుకు.

లారీ వెళ్లేసరికి వైపర్లాడించుకుంటూ పిన్ని వచ్చింది.

"నోటీసు నువ్వు చదివావా పిన్నీ?"

"నీ చొక్కా కంపు భరించలేక తీసి అవతల పడేసినప్పుడు కనబడింది."

"మరి ఆ చుట్లు? ఆ వైపర్లు?"

"నిండుగా ఉన్న బండిలోకి కరెంటెలా ఎక్కుతుందిరా? కొంచెమైనా తగలెయ్యాలిగా. పోదామంటే నాకు ఊరేది, నావాళ్లేరి? అందుకే వీధి చుట్టూ."

"ఇదంతా నా కోసమా?"

"నీ మొహం! నువ్వు పోతే నాకు అబద్ధాలు చెప్పేదెవరు? మా ఇంట్లో మాట్లాడేది గోడ గడియారం ఒక్కటే. అదేమో నిజం తప్ప చెప్పదు."

నేనేదో అనబోతే, సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకుంది. "ఊఁ, మొదలెట్టు."

పులిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరు దాటించిన కథ ఎత్తుకున్నాను. పులి కిటికీ అద్దం దించేలోపే పిన్ని గురక మొదలైంది. కథ ఆపితే మెలకువ వస్తుందేమోనని, ఆ పులిని ఇంకో మూడూళ్లు తిప్పాను.