రెండో తోక

పంతొమ్మిది వందల ముప్ఫైల్లో ఏలూరులో నాకు ఫోటో స్టూడియో ఉండేది. అక్కడికి తరచుగా వచ్చే ఒక ప్లీడరుగారికి పాత నాణేలంటే పిచ్చి. లైబ్రరీలో వాటి మీద ఉపన్యాసాలు ఇచ్చేవారు. ఎవరినైనా "ఏవండీ" అని మెత్తగా పిలిచేవారు. ఆ గొంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ వెగటు.

ఒక వేసవిలో కొల్లేరు బాగా ఎండినప్పుడు మండవల్లి వైపు చేపలు పట్టుకునే ఒకతనికి రాగి నాణెం దొరికింది. తన కేసు గెలిపించారన్న అభిమానంతో దాన్ని ప్లీడరుగారికే ఇచ్చాడు. ఇద్దరూ కలిసి నా స్టూడియోకి వచ్చారు. నాణెం మీద తోక ఎత్తిన సింహం, అంచున చిన్న నొక్కు. కెమెరా తిత్తి చివరంటా సాగదీసి, కిటికీ వెలుతురు ఏటవాలుగా పడేట్టు పెట్టి, గాజు ప్లేటు నిండా నాణెమే వచ్చేలా తీశాను.

మరుసటి ఏడు ప్లీడరుగారు ఒక్కరే ఆ నాణెంతో వచ్చారు. ఈసారి సింహానికి రెండు తోకలు. ఆ కాలంలో నాణెం మీద ముద్ర కొట్టేటప్పుడు అచ్చు జారి రెండుసార్లు పడిందనీ, ఇలాంటిది ఇంకెక్కడా లేదనీ, మద్రాసు పండితులకు ఫోటో పంపాలనీ చెప్పారు. మొదటిసారి ఎలా గమనించలేదా అని నా కళ్ళనే అనుమానించాను.

ప్లేటు కడిగి, ప్రింటు వేసి చూశాను. మొదటి తోక ఉబ్బెత్తుగా ఉంది, దాని నీడ కిటికీకి అవతలి వైపు పడింది. రెండో తోక నీడ కిటికీ వైపే పడింది. అంటే అది ఉబ్బు కాదు, గాడి. అడుగున ఉలి చారలు తెల్లగా మెరుస్తున్నాయి. పాత ప్లేటు తీసి పక్కన పెట్టాను. అంచున అదే నొక్కు, తోక మాత్రం ఒక్కటే.

రెండూ చూపించాను. ఆయన తొణకలేదు. బురదలోంచి తీసేటప్పుడు ఆ చేపలవాడు పారతో గీరేసి ఉంటాడన్నారు. అలాగైతే పాత ప్లేటులోనూ కనబడాలి కదండీ అన్నాను. నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఆ పాత ప్లేటు పగలగొట్టేయండి. కొత్తదాంట్లో చారలు కనబడకుండా కాస్త పెన్సిల్ పెట్టండి. మీకూ పేరొస్తుందండీ."

ఆ చెయ్యి తీసేసి, నా వల్ల కాదని నాణెం ఆయన చేతిలో పెట్టాను.

తాడేపల్లిగూడెంలో ఇంకో ఫోటోగ్రాఫరు ఆ పని చేసిపెట్టాడు. లైబ్రరీలో పటం కట్టారు, సభ పెట్టారు. నాణేన్ని భూతద్దంలో చూసిన ఒకాయన చారలేమిటని అడిగితే, ప్లీడరుగారు నిండు సభలో ఆ పార కథే చెప్పారు. చేపలతను వెనక వరసలో ఉన్నాడట. మర్నాడు నా దగ్గరికి వచ్చాడు.

"నేను పార వెయ్యలేదండీ. కాలికి తగిలితే చేత్తో తీశాను."

అప్పుడే రెండు ఫోటోలూ రోడ్డు వైపు అద్దాల బీరువాలో పక్కపక్కన పెట్టాను. అతను చాలాసేపు చూశాడు. ఇచ్చిన వస్తువు తిరిగి అడగననీ, ఆయన గుమ్మం మాత్రం ఇక తొక్కననీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఊళ్ళో పెద్దలూ చూశారు. చూసి, అంతటి మనిషిని అల్లరిపెట్టడం మర్యాద కాదని నాకే చెప్పారు. ఆయన బంధువులు పెళ్ళి ఫోటోలకు రావడం మానేశారు. పటం లైబ్రరీ గోడ మీదే ఉండిపోయింది. దాని కింద కూర్చుని పేపరు చదవబుద్ధి కాక నేను అటు వెళ్ళడమే మానుకున్నాను.