పచ్చ చుక్క, బూడిద చుక్క

మైదుకూరులో మాది జెరాక్సు, ఆన్‌లైన్ పనుల అంగడి. నవంబరు నెలాఖరు వచ్చిందంటే పింఛను తీసుకునే పెద్దవాళ్లంతా మా మెట్ల మీదే ఉంటారు. తాము బతికే ఉన్నామని ఏటా ఒకసారి వేలిముద్ర వేసి చూపాలి. వేయకపోతే పింఛను ఆగిపోతుంది.

ఆ రోజే ఆఖరి గడువు. సాయంత్రం చర్చి వీధి నుంచి ఒక అవ్వ వచ్చింది. పిల్లల హాస్టల్లో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఇంటి బాడుగ, బీపీ మాత్రలు అన్నీ ఆ పింఛను మీదే. తీరా ఆమె బొటనవేలు పెట్టే వేళకు వేలిముద్ర మిషన్‌లో ఎర్రలైటు వెలగలేదు. కంప్యూటరు ముందువైపు యూఎస్‌బీ రంధ్రం వదులైందని మధ్యాహ్నమే వైరు తీసి వెనక్కి మార్చాను. వెనక ఖాళీగా ఉన్నవన్నీ మార్చి చూసినా అదే కథ. నాకు ఒళ్లు మండిపోయింది. మిషన్‌ను ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది.

"ఏమప్పా, రేపు రమ్మంటావా?" అంది అవ్వ.

"రేపటికి గడువుంటే చెప్పనా అవ్వా, కూర్చో" అన్నాను.

కంప్యూటరుకు ఏమేం తగిలించామో చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటుందని ఎప్పుడో విన్నాను. తయారుచేసినవాళ్ల సైటు నుంచే దింపి, ఇన్‌స్టాల్ చేసి తెరిచాను. తెరంతా నిండిపోయింది. ఇప్పుడు తగిలించి ఉన్నవాటికి పచ్చ చుక్క, ఒకప్పుడు తగిలించి తీసేసినవాటికి బూడిద చుక్క. ఎన్నడో పారేసిన ప్రింటరు, పెళ్లి ఫోటోలవాడి కెమెరా, ఊరందరి పెన్‌డ్రైవులు. మధ్యలో మా నాన్న ఫోను. ఆయన చివరిసారి ఛార్జింగుకు పెట్టిన రోజు, గంట, నిమిషంతో సహా. నాన్న పోయి మూడేళ్లు. ఈ డబ్బా ముందు రోజూ కూర్చుంటూ, ఇది ఇంత గుర్తు పెట్టుకుందని నాకు తెలియనే తెలియదు. కాసేపు మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాను.

అవ్వ నా భుజం మీదుగా తొంగిచూసింది. "ఆ బూడిద రంగువి ఏంటివప్పా?"

"ఒకప్పుడు ఉండి, ఇప్పుడు లేనివి అవ్వా."

"లేనివాటిని కూడా మర్చిపోలేదా ఇది? శానా గొప్పదే." ఆమె గొంతు తగ్గింది. ప్రార్థనలో ఉన్నట్టు అలాగే నిలబడిపోయింది.

వేలిముద్ర మిషన్ పేరూ బూడిద చుక్కతోనే ఉంది. పాత మిషన్ల పేర్లు రెండు అడ్డుపడుతున్నాయేమోనని తీసేశాను. అయినా లాభం లేదు. విసుగుతో వైరును అటూ ఇటూ కదిపాను. చుక్క ఒక్క క్షణం పచ్చబడి మళ్లీ ఆరిపోయింది. మిషన్ బాగానే ఉంది, అడ్డం ఉన్నది రంధ్రంలోనే.

కంప్యూటరు ఆపి టార్చి వేసి చూస్తే వెనక ఖాళీ రంధ్రాలన్నీ ఎర్రగా ఉన్నాయి. కుంకుమ. దసరాకు ఆయుధపూజ చేస్తూ మా అమ్మ తక్కెడకూ కత్తెరకూ పెట్టినట్టే దీనికీ బొట్లు పెట్టింది. ఒక్క రంధ్రాన్నీ చిన్నబుచ్చకుండా వేలితో అదిమి మరీ పెట్టింది.

గల్లా దగ్గర అమ్మ తల వంచుకుంది. "మంచి జరగాలనే పెడితినక్కా."

అవ్వ నవ్వింది. "నీ కుంకుమ నా పింఛనుకే అడ్డం పడాల్నా తల్లీ? పోనీలే, ఆ ప్రభువే చూసుకుంటాడు."

పాత టూత్‌బ్రష్‌తో ఆ రంధ్రాలను పొడిగా తుడిచి, కంప్యూటరు వేసి, వైరు పెట్టాను. చుక్క పచ్చబడింది, ఈసారి ఆరలేదు. అవ్వ బొటనవేలు చీరకొంగుకు తుడుచుకుని పెట్టింది. ఏళ్ల తరబడి పిల్లల పళ్లాలు తోమి అరిగిన వేలు. మిషన్ రెండుసార్లు కాదంది. మూడోసారి ముద్ర పడి, తెర మీద ఆమె పేరు వచ్చింది.

అవ్వ వేలు తీయలేదు. తెర వైపే చూస్తూ అడిగింది.

"అయితే నేనింకా పచ్చగానే ఉండానా అప్పా?"

"పచ్చగానే ఉన్నావవ్వా" అన్నాను.